పొలిమేర దాటిన మోటారుబండి

1988 వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 46 వ సెక్షను చదివినవారికి మనసు చల్లబడును. దేశమున ఏ రాష్ట్రమునందు రిజిస్టరైన బండియైనను భారతదేశమంతటను చెల్లుననియు, వేఱొకచోట మరల రిజిస్టరు చేయింప నక్కఱలేదనియు అందు స్పష్టముగా వ్రాయబడియున్నది. దేశమొక్కటి, ప్రజ యొక్కటి యని మనము వేదికలపై చెప్పుకొను మాటకు ఇంతకంటె చక్కని చట్టరూప మేమి కావలెను? కాని కన్ను క్రిందికి దించగనే 47 వ సెక్షను కనబడును. ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండి మఱియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి యుంచబడినచో, యజమాని అక్కడి అధికారికి దరఖాస్తు పెట్టుకొని క్రొత్త నంబరు పొందవలెనని ఈ సెక్షను శాసించుచున్నది. ఈ చేత నిచ్చి ఆ చేత పుచ్చుకొనుట యనగా నిదియే. ఈ రెండు సెక్షనుల నడుమ నలుగుచున్నవాడు కోటీశ్వరుడు కాడు. ఉద్యోగము బదిలీయైన గుమాస్తా, కొడుకు వాడి విడిచిన కారును తెచ్చుకొన్న తండ్రి, పొరుగు రాష్ట్రపు పట్టణమున చౌకగా దొరకినదని పాతబండి కొనుక్కొన్న చిల్లర వర్తకుడు, వీరే నలుగుచున్నారు.

ఈ పండ్రెండు మాసముల నియమము స్వతంత్ర భారతము కనిపెట్టినది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టముననే ఇది కలదు. ఆనాడు దేశము పరప్రభుత్వము క్రింద బ్రిటిషు రాష్ట్రములుగను, స్వదేశ సంస్థానములుగను ముక్కలై యుండెను. హైదరాబాదు సంస్థానమునకు సొంత నాణెము, సొంత తపాలా, సొంత కరోడ్‌గిరి యుండెను. కృష్ణాజిల్లానుండి సరకు వేసికొని పోయినవాడు పొలిమేరలోని నాకా యొద్ద మూటలు విప్పి చూపవలసినదే. అట్టి దినములలో ఒకచోటి బండికి మఱియొకచోట క్రొత్త గుర్తు వేయుట విడ్డూరముగా తోచకపోవచ్చును. ఆ సంస్థానములు పోయినవి, ఆ నాకాలు పోయినవి. 2017 జూలై 1 వ తేదీనుండి వస్తుసేవల పన్ను అమలునకు వచ్చిన పిమ్మట రాష్ట్రముల సరిహద్దులలో అమ్మకపు పన్నుకై నిలిపిన చెక్‌పోస్టులును ఎత్తివేయబడినవి. మంగళగిరి చీర బెంగుళూరు దుకాణమునకు పోవుటకు నేడు అడ్డులేదు. ఆ చీరను కారులో వేసికొనిపోయిన వర్తకుడు అక్కడనే కాపురము పెట్టినచో, ఏడాది తిరుగునప్పటికి చీర స్వదేశీ, కారు పరదేశి!

ఈ పనికి పోవువాడు పడు పాట్లెట్టివో తెలియుటకు ఒక సామాన్యమైన సంగతిని చెప్పుకొందము. రాజమహేంద్రవరమున ఒక విశ్రాంత ఉపాధ్యాయు డున్నాడనుకొనుడు. బెంగుళూరులో పనిచేయుచుండిన కుమారుడు విదేశమునకు పోవుచు తన కారును తండ్రికి ఇచ్చిపోయినాడు. కారు అయిదేండ్లది, కొన్ననాడే అక్కడ జీవితకాలపు పన్ను పూర్తిగా చెల్లింపబడినది. ఇపుడు తండ్రి మొదట బెంగుళూరిలో ఆ బండి రిజిస్టరైన కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. దానికి 28 వ నంబరు ఫారము. దానితో సి బుక్కు, భీమా కాగితము, పొగ పరీక్ష కాగితము, చాసిస్ నంబరుపై కాగితము నుంచి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు. బ్యాంకు అప్పుతో కొన్న బండియైనచో అప్పు తీరినదని బ్యాంకువారి ఉత్తరము, 35 వ నంబరు ఫారము. బండి దొంగిలింపబడినది కాదని పోలీసువారి నివేదిక. ఏ చౌరస్తాలోనో కెమెరా పట్టుకొన్న పాత జరిమానా లేవైన నున్నచో అవి చెల్లించిన రసీదులు. ఇవన్నియు కుమారుని సంతకముతో పోవలెను. కుమారు డిపుడు సముద్రముల కావల నున్నాడు.

ఆ పత్రము చేతికి వచ్చిన పిమ్మట స్వగ్రామమున రెండవ ఘట్టము. క్రొత్త నంబరుకై 27 వ ఫారము, యాజమాన్యపు మార్పునకై 29, 30 ఫారములు. బండిని బ్రేకు ఇనస్పెక్టరు ఎదుట నిలిపి చూపవలెను. తరువాత జీవితకాలపు పన్ను, బండి మొదటి ధరను, వయస్సును బట్టి లెక్కకట్టి, మరల చెల్లింపవలెను. తరువాత క్రొత్త నంబరు పలకలు. ఆ నంబరు భీమాలో ఎక్కించవలెను, టోలుగేటు ఫాస్టాగులో ఎక్కించవలెను. ఇంతటితో నైనను ముగిసెనా? బెంగుళూరు ఖజానాలో మిగిలియున్న పన్నును వాపసు కోరవలెను. ఇక్కడ కట్టిన రసీదు చూపినగాని అక్కడ వాపసు లేదు. అనగా ముందు రెండు రాష్ట్రములకును పన్ను కట్టి, పిదప ఒక రాష్ట్రపు గుమ్మము ముందు చేయి చాచి నిలువవలెను. ప్రయాణపు ఖర్చులు, దినములు, చేతి తడుపులు లెక్కవేసికొని పలువురు ఆ వాపసు మాటనే మరచుచున్నారు. జీవితకాలపు పన్ను అందురు. ఒక బండికి రెండు జీవితము లుండునా?

క్రొత్త బండి కొనువారికి ఈ పీడ అంతగా లేదు. తాత్కాలిక నంబరుతో తెచ్చుకొని తమ ఊరనే రిజిస్టరు చేయించుకొని, ఒక్కచోటనే పన్ను కట్టవచ్చును. చిక్కంతయు పాతబండిది, పాతబండి కొనువాడు ఎవడో వేఱుగ చెప్పవలెనా?

చట్టమును వ్రాసినవారికి ఈ చిక్కు తెలియక పోలేదు. నిరభ్యంతర పత్రమునకు దరఖాస్తు అందగనే రసీదు ఇయ్యవలెనని 48 వ సెక్షను చెప్పుచున్నది. ముప్పది దినములలోగా ఇచ్చుటయో నిరాకరించుటయో తేల్చి లిఖితపూర్వకముగా తెలుపవలెను. నిరాకరించినచో కారణములు వ్రాసి పంపవలెను. ముప్పది దినములు గడచినను నిరాకరణ తెలుపనిచో పత్రము ఇచ్చినట్లే భావింపబడును. అంతియే కాదు. పత్రము రానివాడు, ఆ రసీదునో లేక రిజిస్టరు తపాలాలో పంపినట్టి అక్నాలెడ్జిమెంటునో జతపరచి, నిరాకరణ యేదియు తనకు అందలేదని ప్రకటన వ్రాసి ఇచ్చినచో, క్రొత్త రాష్ట్రమున దరఖాస్తు పెట్టుకొనవచ్చునని 47 వ సెక్షనే దారి చూపుచున్నది. ఇంత విశాలమైన ద్వారము చట్టమున తెరచియుండగా జనులు గోడ దూకి పోవుచున్నారు. ఎందుచేత? మొదటి కార్యాలయమున ఆ రసీదు అడుగువాడు లేడు. అడిగినను రేపు రమ్మందురు. రెండవ కార్యాలయమున ఆ రసీదు చూపినచో, పత్రమే కావలెను, ఇది పనికిరాదందురు. చట్టపు పుస్తకము బల్లపై నుండును. ఆచారము బల్ల క్రింద నుండును. ఈ రెంటి నడుమ ఏజెంటు వెలసినాడు.

ఏజెంటును నిందించుటకు మాకు మనసొప్పదు. పది ఫారముల పేరులు, మూడు కిటికీల వేళలు, ఏ గుమాస్తా ఏ దినమున సెలవులో నుండునో యన్నియు కంఠస్థము చేసిన ఆ మనిషి, చట్టము చేయవలసిన పనిని చేయుచు కూలి పుచ్చుకొనుచున్నాడు. ఆ కూలిలో ఎంత లోపలికి పోవునో అందఱును ఎఱిగినదే. న్యాయవాదులమైన మాబోటివారు సైతము కోర్టులో సెక్షనులు ఏకరువు పెట్టి, ఆర్.టి.ఓ. కార్యాలయపు గుమ్మమున మాత్రము ఏజెంటు చేతిలో కాగితములు పెట్టి నెమ్మదిగా ఇంటికి పోవుట చూచుచున్నాము.

కాగితముల బాధ పై పొర మాత్రమే. దాని క్రింద నున్నది పన్ను. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలున వాహనములపై పన్ను రాష్ట్రముల జాబితాలో 57 వ పద్దుగా నున్నది. ఆ పన్ను ఏ సూత్రములపై వేయవలెనో నిర్ణయించుట ఉమ్మడి జాబితాలో 35 వ పద్దుగా నున్నది. రాష్ట్రములు పన్నును గట్టిగా పట్టుకొన్నవి. కేంద్రము సూత్రమును చాలకాలము ఉపేక్షించినది. తత్ఫలితముగా ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క రేటు. తెలంగాణమున 2022 లో సవరించిన రేట్ల ప్రకారము అయిదు లక్షల లోపు కారుకు నూటికి 13, పది లక్షల వఱకు 14, ఇరువది లక్షల వఱకు 17, ఆపైన 18 గా నుండెను. అనగా ఎనిమిది లక్షల క్రొత్త కారుకు పన్ను 1,12,000 రూపాయలు. ఢిల్లీ, పుదుచ్చేరి వంటి చోట్ల పన్ను ఇంతకంటె చాల తక్కువ. ఒక మధ్యతరగతి కుటుంబమునకు ఇది ఏడాది బియ్యము, బడి జీతము కలిసిన మొత్తము.

రోడ్డు వాడుకొనుటకు ఇచ్చు ప్రతిఫలమే ఈ పన్ను అని ప్రభుత్వములే వాదించినవి. 1962 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పిన రాజస్థాను మోటారు వ్యాజ్యమును న్యాయశాస్త్ర విద్యార్థు లెల్లరు ఎఱుగుదురు. ఆనాటి అజ్మీరు ప్రత్యేక రాష్ట్రము. నసీరాబాదునుండి దేవళికి పోవు అజ్మీరు బస్సులు నడుమ కొంత రాజస్థాను నేలపై పరుగెత్తవలసి యుండెను. ఆ కొంత దారికి రాజస్థాను పన్ను అడిగినది. రాజ్యాంగపు 301 వ అధికరణము దేశమంతట వర్తకమును, రాకపోకలను స్వేచ్ఛగా నుండనిచ్చుచున్నది గదా యని బస్సులవారు కోర్టు కెక్కిరి. రోడ్లు మొదలగు సదుపాయములకు ప్రతిఫలముగా వేయు పన్ను ఆ స్వేచ్ఛకు భంగము కాదని మెజారిటీ న్యాయమూర్తులు తీర్పిచ్చిరి. మంచిది. ప్రతిఫలమే యైనచో, రోడ్డు వాడనివానినుండి ప్రతిఫల మెట్లు? బండి బెంగుళూరు విడిచి వచ్చిన దినమునుండి అక్కడి రోడ్డుతో దానికి పనిలేదు. మిగిలిన పదేండ్ల ప్రతిఫలము ఆ బండి వెంట రావలసినదే కాని, ఆ ఖజానాలో నిదురపోవలసినది కాదు. ఈ వాదమునకు కోర్టులలో నుండిన బలము 2016 లో సడలినది. జిందాల్ వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ప్రతిఫల సిద్ధాంతమునే త్రోసిపుచ్చి, పరరాష్ట్రపు వస్తువులపట్ల పక్షపాతము చూపు పన్ను మాత్రమే 301 కి విరుద్ధమని తేల్చినది. కాబట్టి ఈ బాధకు మందు ఇక కోర్టులలో వెదకుటకంటె శాసనసభలలో వెదకుటయే దారి.

కోర్టులు బొత్తిగా ఉపకరింపలేదని కాదు. 2014 లో కర్ణాటక ప్రభుత్వము తన పన్ను చట్టమును సవరించి, పరరాష్ట్రపు బండి ముప్పది దినములకు మించి నిలిచినచో జీవితకాలపు పన్ను మొత్తము కట్టవలసినదే యని శాసించెను. ఉద్యోగములకై బెంగుళూరు చేరిన మన తెలుగు యువకుల బండ్లును ఆ వేటకు చిక్కినవి. కేంద్రచట్టము పండ్రెండు మాసముల గడు విచ్చుచుండగా రాష్ట్రము దానిని ఒక మాసమునకు కుదింప వీలులేదని 2016 లో ఆ రాష్ట్రపు హైకోర్టే ఆ సవరణను కొట్టివేసినది. పొరుగువారిని చెప్పి మనవారిని విడువరాదు. పరరాష్ట్రపు నంబరు కంటబడగనే చేయి చాచి బండి నాపుట మన పోలీసువారికిని అలవాటే. బండి వచ్చి పండ్రెండు మాసములు కాలేదని చూపుటకు టోలుగేటు రసీదులు దాచుకొని తిరుగవలసిన గతి ఈ దేశపౌరునకు పట్టినది.

తెలుగువారికి ఈ విషయము మఱింత దగ్గరి బాధ. 2014 జూన్ 2 వ తేదీకి ముందు విజయవాడలో కారు కొని ఖమ్మమున కాపురముండువానికి చిరునామా మార్పు తప్ప వేఱొక చిక్కు లేదు. ఆ దినమునుండి కోదాడకును జగ్గయ్యపేటకును నడుమ మఱియొక పొలిమేర లేచినది. రాష్ట్రములు వేఱగుటను మేము తప్పు పట్టుట లేదు. అది ప్రజలు పోరాడి సాధించుకొన్నది. కాని అల్లుడు అటు, కూతురు ఇటు, పొలము అటు, కొలువు ఇటు ఉన్న కుటుంబములు లక్షలున్నవి. ఆ పూర్వపు బండ్లు ఏ.పి. అక్షరములతోనే నేటికిని తెలంగాణమున తిరుగుచున్నవి, తరువాతివి టి.ఎస్.; 2024 మార్చినుండి టి.జి. ఒకే వీధిలో మూడు గుర్తులు, మూడును అక్కడివే! పలకమీది అక్షరమునుబట్టి బండి పుట్టుక తెలిసికొందుమను మాట ఎంత నిలుచునో దీనివలననే తేటపడుచున్నది. దీనికి తోడు దేశములోని తక్కిన రాష్ట్రము లనేకములు వాహన్ అను ఒకే కంప్యూటరు పట్టికలో చేరియుండగా, తెలుగు రాష్ట్రములు రెండును చాలకాలము ఎవరి పట్టిక వారు వేఱుగ నడుపుకొన్నవి. ఒక కార్యాలయపు రికార్డు మఱియొకదానికి కనబడకున్న, నడుమ కాగితము మోయువాడు పౌరుడే గదా!

ప్రభుత్వముల పక్షమునను చెప్పవలసినది కొంత గలదు. దొంగబండ్లు పొలిమేర దాటించి అమ్ముట యున్నది. పన్ను తక్కువ గల పుదుచ్చేరిలో అద్దె చిరునామాలు చూపి విలువైన కార్లు రిజిస్టరు చేయించి, కేరళలో త్రిప్పిన సంగతి 2017 లో బయటపడినది. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను తిరుగనీయరాదను ఉత్తరువును సుప్రీముకోర్టు 2018 లో బలపరచిన పిమ్మట, అచటి పాతబండ్లు చౌక ధరలకు దూరరాష్ట్రములకు తరలినవి. 2025 లో ఆ కట్టడిని సుప్రీముకోర్టు కొంత సడలించినది. ఇట్టివానిని పరీక్షింపకుండ విడువవలెనని మే మనము. అయితే దొంగబండి సంగతి తెలిసికొనుటకు నేడు పోలీసు పట్టికలు కంప్యూటరులో నున్నవి. నిమిషములో తేలు విషయమునకు మాసము లేల? ఇక పుదుచ్చేరి ధనికులు చేసిన మోసమునకు రాజమహేంద్రవరపు ఉపాధ్యాయునిచేత రెండుసార్లు పన్ను కట్టించుట ఏ న్యాయము?

ఈ వ్యాధికి మందు ప్రభుత్వము చేతిలోనే యున్నది. కాని దానిని కొందఱికే పోయుచున్నారు. 2021 సెప్టెంబరు 15 వ తేదీనుండి కేంద్రప్రభుత్వము బి.హెచ్. అను భారత వరుసను నెలకొల్పినది. ఈ నంబరు గల బండి రాష్ట్రము మారినను నంబరు మారదు. పన్ను ఒక్కసారిగా గాక రెండేండ్లకో, రెండేండ్ల గుణిజములకో కట్టుదురు. పది లక్షల లోపు కారుకు నూటికి 8, ఇరువది లక్షల వఱకు 10, ఆపైన 12 చొప్పున లెక్క. డీజిలుకు రెండు ఎక్కువ, విద్యుత్తు బండికి రెండు తక్కువ. ఎక్కడ నివసించువాడు అక్కడి రాష్ట్రమునకు కట్టును. ఇంత తేలికయైన యేర్పాటు సాధ్యమే యని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లైనది. కాని అర్హు లెవరు? సైనికులు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థలవారు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములు గల ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు. సైనికున కిచ్చుట సబబే. కాని ఊరూరు తిరిగి గుడ్డలమ్ముకొను వర్తకుడు, కాంట్రాక్టు దొరకినచోటికి పోవు మేస్త్రి, పెద్దాసుపత్రిలో పనికై హైదరాబాదు చేరిన నర్సు, పింఛను పుచ్చుకొని బిడ్డల యొద్దకు పోవు వృద్ధుడు, వీరు భారతీయులు కారా? భారత వరుస యని పేరుపెట్టి భారతీయులలో అధికసంఖ్యాకులను వెలుపల నిలుపుట మాకు వింతగా నున్నది. యజమాని పెద్దవాడైనచో పౌరునకు దేశమంతయు స్వదేశము, తనకు తానే యజమాని యైనచో పొరుగుజిల్లా పరదేశము!

బి.హెచ్. నంబరును కోరిన ప్రతి పౌరున కిచ్చుట మొదటి పని. ఇప్పటికే జీవితకాలపు పన్ను కట్టినవారి మాట వేఱు. వారి మిగులు పన్నును ఒక ఖజానానుండి మఱియొక ఖజానాకు ప్రభుత్వములే సరిపుచ్చుకొనవలెను. ఇది అసాధ్యమను అధికారులు వస్తుసేవల పన్నును చూడవలెను. ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పోవు సరకుపై చెల్లించు ఉమ్మడి పన్నులో, సరకు చేరిన రాష్ట్రపు వాటాను కేంద్రమే లెక్కకట్టి ఆ రాష్ట్రమునకు ముట్టచెప్పుచున్నది. వర్తకుడు రెండు ఖజానాల చుట్టు తిరుగుట లేదు. సబ్బుబిళ్ళకు సాధ్యమైన లెక్క కారుకు సాధ్యము కాదా?

అంతవఱకు జనులు చేయదగినది కొంత గలదు. దరఖాస్తు నిచ్చిన దినముననే 48 వ సెక్షను క్రింది రసీదును పట్టుబట్టి పుచ్చుకొనవలెను. కిటికీలో తీసికొననిచో రిజిస్టరు తపాలాలో పంపి అక్నాలెడ్జిమెంటు భద్రపరచుకొనవలెను. నోటిమాట నిరాకరణను నిరాకరణగా ఒప్పుకొనరాదు. కారణములు వ్రాసి ఇమ్మనవలెను. ముప్పది దినములు లెక్కించి ముప్పదియొకటవ దినమున రెండవ కార్యాలయమునకు పోయి, 47 వ సెక్షను చూపి, అచటను కాదన్నచో ఆ కాదనుటను వ్రాయించుకొనవలెను. ఈ రెండు సెక్షనుల తెలుగు పాఠమును ప్రతి పఠనమందిరపు గోడపై అంటించినచో, ఏజెంటు జీతము సగము తగ్గును. పట్టణమున న్యాయవాదులు వారమున కొక సాయంకాలము పఠనమందిరమున కూర్చుండి ఈ దరఖాస్తులు ఉచితముగ వ్రాసిపెట్టుట పెద్ద త్యాగము కాదు.

ఢిల్లీ కదలువఱకు తెలుగు ప్రభుత్వములు రెండును చేతులు ముడుచుకొని యుండ నక్కఱలేదు. ఇరువురి వాహన పన్నుకును మూలము 1963 నాటి ఉమ్మడి రాష్ట్రపు చట్టమే. నోటిఫికేషను ద్వారా పన్ను తగ్గించు, మినహాయించు అధికారము ప్రభుత్వమునకు అందు కలదు. ఒకచోట జీవితకాలపు పన్ను కట్టిన బండికి రెండవచోట ఆ మేరకు మినహాయింపు ఇత్తుమని ఇరువురును ఒడంబడిక వ్రాసికొనవచ్చును. 2020 నవంబరులో రెండు ఆర్టీసీ సంస్థలు ఎవరి బస్సులు ఎవరి నేలపై ఎన్ని కిలోమీటర్లు తిరుగవలెనో లెక్కలు సరిచూచుకొని ఒప్పందముపై సంతకములు చేసినవి. ఆ లెక్క కట్టిన గుమాస్తాలే ఈ లెక్కయు కట్టగలరు. రవాణా మంత్రు లిరువురును రానున్న బడ్జెటు సమావేశములకు ముందే కూర్చుండి మినహాయింపు నోటిఫికేషన్లను ఒకే దినమున వెలువరింపవలెనని మేము కోరుచున్నాము.